పన్నెండు రోజుల వాయిదా

నా చిన్నప్పుడు మా ప్రొద్దుటూరి ఇంట్లో నిత్యమూ వినవచ్చిన మాట ‘వాయిదా’. కర్నూలు రాజధానిగా ఉండిన రోజులవి. మా నాయన బర్మా యుద్ధరంగం నుండి తిరిగివచ్చి, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, అమ్మకపు పన్ను వకీలుగా స్థిరపడ్డారు. వీధి గదే ఆయన కచేరీ. పన్ను అధికారి నుండి నోటీసు అందుకొన్న వర్తకులు ప్రాణం మీదికి వచ్చినవారి వలె వచ్చి ఆ గదిలో చతికిలబడేవారు. నాయన ఒక కాగితం రాసి ఇచ్చేవారు. మరునాటికి వారి ముఖాలలో నెత్తురు తిరిగి కనిపించేది. గడువు దొరికిందన్నమాట.

వారిలో పులివెందుల శనక్కాయల వ్యాపారి ఒకరు ఏటా తప్పక వచ్చేవారు. తన లెక్కల పుస్తకాలను ఎలుకలు కొట్టివేశాయని ఆయన మొర. “నీ ఎలకలు శానా చదువుకున్నట్టుండాయి మామా. నోటీసు చూసినాంకనే పుస్తకాల మీద పడతాండాయి,” అనేవారు నాయన. ఆయనా నవ్వేవారు. ఇదంతా చూచి నాకొక నమ్మకం స్థిరపడింది. మా నాయన అడిగితే ఎవరైనా వాయిదా ఇచ్చితీరుతారు.

నాకు తొమ్మిదవ ఏడు నడుస్తుండగా మా అమ్మకు గుండెజబ్బు ముదిరింది. పాదాలు పొంగి, పడుకొంటే ఊపిరి ఆడక, దిండ్లకు ఆనుకొని కూర్చునే కునికేది. జమ్మలమడుగు ఆసుపత్రిలో చేర్చాము. రెండేళ్ల తమ్ముడు అమ్మ జోల వినిపించనిదే కన్ను మూసేవాడు కాడు. అందువల్ల మేమిద్దరమూ ఆమె వద్దనే ఉండిపోయాము. ఒక ఉదయం డాక్టరమ్మ నాయనను వరండాలోకి పిలిచి, మందులు పనిచేయడం లేదనీ, ఇక రోజులే మిగిలాయనీ చెప్పింది. స్తంభం చాటున నేను విన్నాను. సైనికుడైన మా నాయన గోడ పట్టుకొని నిలబడడం అంతకు ముందు నేనెన్నడూ చూడలేదు.

ఆ పూటే నేను నాయన సంచిలో నుండి ఒక తెల్లకాగితం తీసి, ఆయన చేసే తీరున ఎడమ అంచు మడిచి, గండి ఆంజనేయస్వామి వారి సముఖానికి అర్జీ రాశాను. సంజీవిని తెచ్చిన దేవుడు గనుక ఈ వ్యవహారం ఆయన అధికారంలోనిదేనని నా తర్కం. ‘మా అమ్మ కేసును ఎప్పటికీ వాయిదా వేయవలెనని ప్రార్థన’ అని ముగించి, వకీలు సంతకం కోసం నాయనకు ఇచ్చాను.

ఆయన నవ్వలేదు. కచేరీలో కాగితం చదివే విధంగానే మొదటి నుండి చివరిదాకా చదివి, నన్ను పక్కన కూర్చోబెట్టుకొన్నారు.

“ఎప్పటికీ అనే వాయిదా లేదు తల్లీ. యా అధికారీ ఇయ్యడు. ఇన్ని దినాలు కావాలని రాయాల. ఆ దినాల్లో మనం ఏం చేస్తామో గూడా రాయాల. అది రాయకుంటే అర్జీ నిలబడదు.”

యుద్ధం ఊసు ఎన్నడూ ఎత్తని మా నాయన అప్పుడు ఎత్తారు. ముద్దనూరు వైపు గొర్రెల కాపరుల ఇంటి నుండి వచ్చిన సిపాయి ఒకడు ఆయన దళంలో ఉండేవాడట. బర్మా అడవిలో ఒక ఉదయం అతని కడుపులో గుండు దిగింది. మోసుకుపోయే మనుషులు వచ్చేదాకానైనా అతణ్ణి బతికించమని నాయన దేవుణ్ణి వేడుకొన్నారట. పొద్దు గూకేదాకా అతడు బతికే ఉన్నాడు, తెలివితోనే ఉన్నాడు. ఆ పగలంతా నాయన దారివైపే చూస్తూ గడిపారు. అతనితో పట్టుమని పది మాటలు ఆడలేదు. యుద్ధం ముగిసిన పిమ్మట అతని తల్లిని చూడబోతే ఆమె అడిగిందట, “నా కొడుకు ఏం చెప్పినాడప్పా?” అని.

“ఆయమ్మకు చెప్పేదానికి నా దగ్గర ఒక్క మాట గూడా లేదు,” అన్నారు నాయన. “అడిగిన గడువు ఇచ్చినాడు దేవుడు. నేను దావ చూసుకుంటా పోగొట్టుకుంటి.”

నేను ‘ఎప్పటికీ’ కొట్టివేసి ‘పన్నెండు రోజులు’ అని రాశాను. నాకు పన్నెండవ ఎక్కం వరకే వచ్చు. చేయబోయే పని అన్నచోట ‘తమ్ముని కొరకు అమ్మ జోల నేర్చుకొనుట’ అని చేర్చాను. నాయన దాని కింద సంతకం చేసి, తీసుకుపోయి అమ్మకు చదివి వినిపించారు. అమ్మ దిండ్ల మీద నుండి కాస్త లేచి, “వకీలుసామీ, బిడ్డ దగ్గర ఫీజు ఎంత తీసుకుంటాండారు?” అని అడిగింది. ఆ ఒక్క మాటకే ఆయాసపడింది. నాయన ముఖం తిప్పుకొన్నారు.

మరునాటి నుండి కచేరీ మూతపడింది. జమ్మలమడుగు దాకా వెతుక్కుంటూ వచ్చిన వర్తకులను నాయన వేరే వకీళ్ల వద్దకు పంపివేశారు. ఎలుకల మామ కూడా చేత నోటీసుతోనే వచ్చారు. అమ్మను చూచి, ఆ కాగితం జేబులో దాచుకొని, తెచ్చిన చీనీకాయలు ఒలిచి తమ్మునికి తినిపించి, వచ్చిన పని ఎత్తకుండానే పులివెందుల బస్సెక్కారు. నాయన అమ్మ పాదాలు ఒడిలో పెట్టుకొని కూర్చునేవారు. ఊపిరి అందినప్పుడు అమ్మ నాకు జోల చెప్పేది. కొన్ని పూటలు ఒక్క పాదమే.

అందులో ఐదు చరణాలు. ఎనిమిదవ రోజున చివరిది కూడా నాకు వచ్చేసింది. ఆ మధ్యాహ్నం నేను పాడుతుండగా తమ్ముడు నా భుజం మీద నిద్రపోయాడు. అమ్మ అది చూచింది. తొమ్మిదవ నాటి ఉదయం మా అమ్మ పోయింది.

ఇంకా మూడు రోజులు మిగిలి ఉన్నాయని నేను నాయనతో తగవు పెట్టుకొన్నాను. లోపల దాచుకొన్న మాట వేరొకటి. పని ముందుగా ముగించింది నేను. ఐదవ చరణం రానట్లు నటించి ఉంటే? నెలల తరువాత ఆ మాట నోట వెలువడినప్పుడు నాయన నన్ను దగ్గరకు తీసుకొని, “గడువు మన చేతిలో లేదు తల్లీ, పనే మన చేతిలో ఉండింది. మీయమ్మ అది చూసి పోయింది. నా మాదిరి ఒట్టి చేతుల్తో నిలబడే గతి నీకు లేదు,” అన్నారు.

ఆ మాట నా బుద్ధికి ఎక్కింది. మనసుకు పూర్తిగా ఎక్కిందని చెప్పలేను. ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. ఎవరింట ఎవరు మంచం పట్టారని విన్నా, ఎన్నాళ్లన్నారని అడగను. వారి పక్కన కూర్చుని, చెప్పదలచినది ఏదైనా ఉంటే చెప్పమని అడుగుతాను. నా పిల్లలకూ, తమ్ముని పిల్లలకూ, మనుమలకూ అమ్మ జోలే పాడాను. నాలుగు చరణాలు పాడి ఆపేస్తాను. ఐదవది నాకు వచ్చు. ఆ మధ్యాహ్నం తరువాత ఒక్కసారీ పాడలేదు.