లామినేషన్ చేసిన డ్రాగన్

మాది అనకాపల్లి. బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే మేం నలుగురం ఆదివారం వస్తే బొమ్మల కార్డుల ఆట ఆడతాం. డ్రాగన్లూ రాక్షసులూ ఉన్న కార్డులు పోగేసుకుని, వాటితో యుద్ధం చెయ్యడమే ఆట. పేకాట కాదు, కంగారు పడకండి. చిన్నప్పుడే బడి మానేసిన నేను శ్రద్ధగా చదివినవి ఈ కార్డుల మీది రాతలే.

మా నలుగురి తరఫున నేను మొదటిసారి విశాఖపట్నం పోటీకి బయల్దేరుతుంటే, మాలో ఒకడైన మా బావ నా కార్డులు తెచ్చి చేతిలో పెట్టేడు.

"బెల్లం సేతులకి పాడైపోతన్నాయని లామినేషన్ సేయించేను బావా! ఆధార్ కార్డులా ఎలా మెరిసిపోతన్నాయో సూడు!"

పోటీలో కలపబోతే ఆ కార్డులు సర్రున జారి హాలంతా ఎగిరేయి. అందరూ ఒకటే నవ్వు. జడ్జి నా డ్రాగన్‌ని రెండు వేళ్లతో ఎత్తి, "ఇవి చెల్లవు. ఇలాంటి డ్రాగన్ కార్డే నా దగ్గరా ఉందయ్యా, ముట్టుకోకుండా అద్దాల పెట్టెలో దాచాను. రేపు మంచి రేటొస్తుంది" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ముట్టుకోకపోతే ఆడేదెలాగండీ? ఇది ఆటా, ఆవకాయ జాడీయా?" అన్నాను. నన్ను బయటికి పంపేసేరు.

మరుసటి ఆదివారం మిగతా ముగ్గురూ తమ కార్డులకీ లామినేషన్ చేయించుకుని వచ్చేరు. ఇప్పుడు బెల్లం అంటితే తడిగుడ్డతో తుడిచేసి ఆడుకుంటున్నాం. ఆ జడ్జిగారి డ్రాగన్ మాత్రం ఇప్పటిదాకా ఒక్క యుద్ధమూ చేసి ఉండదు.