ఇబ్రాలో షువా గుంత తెరిచిన పొద్దు

ఒక మసాలా పొడి కోసం విమానమెక్కానంటే నవ్వుతారు. కానీ మా తమ్ముడు రమేశ్ ఇంటికి వస్తాడా రాడా అన్నది ఆ పొడి మీదే ఆధారపడి ఉంది. వాడు పన్నెండేళ్లుగా ఒమాన్‌లోని ఇబ్రా అనే ఊళ్లో టైల్స్ మేస్త్రీ. ఈసారి వీసా రెన్యువల్ చేయించుకోవాలా, కోరుట్లకు వచ్చేసి నాతో కలిసి హోటల్ పెట్టాలా అని ఊగుతున్నాడు. "మండీ హోటల్లు గల్లీకొకటి ఉన్నయక్కా. షువా, గదే గుంతల నిప్పుల మీద వండే మాంసం, ఎవ్వలు పెడ్తలేరు. కని గా మసాలా ఇబ్రాల ఆడోళ్ల సంతల దొరుకుతది. మొగోళ్లను లోపటికి రానియ్యరు," అన్నాడు ఫోన్లో. నాన్న కిరాణా దుకాణంలో తూకం రాళ్లతో ఆడుకుంటూ పెరిగినదాన్ని, సంత అంటే ఆగుతానా? బక్రీద్ సెలవులు చూసుకుని విజిట్ వీసా మీద బయల్దేరాను.

మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకు మస్కట్‌లో ఇబ్రా బస్సు ఎక్కాను. టికెట్టు మూడు రియాళ్ల లోపే. తగ్గిస్తారేమో అడిగి చూశాను, తగ్గించరు. దారి పొడుగునా గడ్డిపరక లేని తుప్పురంగు కొండలు. దేవుడు కొండల సరుకంతా దించేసి సర్దడం మరిచిపోయినట్టున్నాయి. పక్క వరసలో కడప టైలర్ ఒకాయన పలకరించాడు. "యాడికి పోతాండారుమ్మా? మసాలాకా! ఈళ్లతో ముందు మంచీచెడూ మాట్లాడాల. గబుక్కున రేటు అడగాకండి." మాట చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు.

ఐదింటికి ఇబ్రాలో దిగాను. రమేశ్ రూమ్‌లో ఏడుగురు మగవాళ్లు ఉంటారు కాబట్టి నాకు లాడ్జి చూశాడు. పదిహేను రియాళ్లన్నవాణ్ణి పన్నెండుకు దించాను. మర్నాడు నన్ను ముంచింది ఆ గెలుపే.

బుధవారం పొద్దున ఏడింటికి సంత. రమేశ్ గోడ బయటే ఆగిపోయాడు. లోపల అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ అంతా ఆడవాళ్లే. జరీ గుడ్డలు, సాంబ్రాణి, కాటుక డబ్బాలు. అరవై దాటిన జువైనా అనే ఆమె ముందు మసాలా డబ్బాలున్నాయి. ఆమెది దుకాణపు హిందీ, నాదీ అంతే. పొడి వాసన చూసి, చెప్పిన ధరలో సగం అన్నాను. నవ్వి ఇచ్చేసింది. ఇక అసలు బేరం మొదలుపెట్టాను. ఎలా చేస్తారో చెబితే ఐదు రియాళ్లిస్తానన్నాను. ఆమె చిన్న కప్పులో కహ్వా, అంటే వాళ్ల చక్కెర లేని కాఫీ, పోసింది.

మా నాన్న దుకాణంలో గిరాకీకి టీ తెప్పించాడంటే ఇక ధర దిగడని గుర్తు. ఓహో, ఇదీ ఆ ఎత్తే అనుకున్నాను. తాగేసి ఆరు అన్నాను. మళ్లీ పోసింది. ఏడు అన్నాను. మళ్లీ పోసింది. తొమ్మిదో కప్పుకు గుండె దడదడలాడుతుంటే పక్కనున్నావిడ నా మణికట్టు పట్టుకుని ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపించింది. చాలు అనడానికి అదే గుర్తట. ఊపనంతసేపూ మర్యాదగా పోస్తూనే ఉంటారు. వరస వరసంతా పగలబడి నవ్వింది.

"దీనికి పైసల్లేవు బేటీ, చేత్తో నేర్చుకోవాలి. జుమ్మాకు పండుగ. తమ్ముణ్ణి తీసుకుని ఇంటికి రా," అంది జువైనా. ఆమెను ఖాలా, అంటే పిన్నీ అని పిలిచింది అప్పటినుంచే.

శుక్రవారం ఆమె వంటింట్లో వెల్లుల్లి దంచి, ఖర్జూరపు సిర్కా, అదే వెనిగర్, పోసి, ధనియాలు, జీలకర్ర, లవంగం, చెక్క, ఏలకులు, ఎండుమిర్చి కలిపాను. "ఏలకులెక్కడివి ఖాలా?" అంటే, "మీ దేశానివే," అంది. మా దుకాణం మూడో అరలో ఉన్న సరుకు కోసమా ఇంత దూరం వచ్చాను!

మేకమాంసానికి ఆ ముద్ద పట్టించి, అరిటాకుల్లో చుట్టి, ఈతాకుల సంచిలో కట్టారు. వీధి చివర నిలువులోతు గుంత, లోపల రాతి కట్టుబడి, అడుగున కణకణలాడే నిప్పులు. వీధిలోని ప్రతి ఇంటి నుంచీ ఒక సంచి వచ్చింది. గుర్తుగా ఒకదానికి గాజుముక్క, ఒకదానికి సీసామూత, ఖాలా సంచికి తీగతో కట్టిన ఇత్తడి గుండీ. అన్నీ ఒక్కసారే లోపల పడ్డాయి. ఇనుప మూత వేసి మట్టి మెత్తారు. పొగ సన్నగా లేచిన చోటికల్లా మట్టి పట్టుకుని పరుగెత్తారు.

"గుంత ఎవరిది? కిరాయి ఎంత?" అన్నాను. రమేశ్ మోచేత్తో పొడిచాడు. "ఇజ్జత్ తీయకక్కా!"

"అందరిదీ," అన్నాడు ఖాలా కొడుకు సాలిం. "ఒక్క సంచి కోసం ఇంత నిప్పు ఎవరు చేస్తారు?"

ఆదివారం పొద్దున ఏడింటికి మట్టి కొట్టి మూత లేపారు. ఆ వాసనకు వీధంతా గుంత చుట్టూ మూగింది. నల్లగా మాడిన సంచులను కొక్కేలతో పైకి లాగుతుంటే ఎవరి గుర్తు వాళ్లు వెతుక్కున్నారు. తూకం లేదు, తగువు లేదు. ఒక సంచికి గుర్తు కాలిపోయింది. ముసలాయన ఒకాయన దాన్ని పైకెత్తి రెండుసార్లు అరిచాడు. ఎవరూ నాదనలేదు. "అయితే మెహమాన్లది," అంటూ అతిథిగా వచ్చిన రమేశ్ చేతుల్లో పెట్టేశాడు.

ఖాలా ఇంట్లో అన్నం తాంబాళం చుట్టూ కింద కూర్చున్నాం. వేలు తగిలితే చాలు, ఎముక విడిచి వచ్చేస్తోంది మాంసం. పొగా, లవంగమూ, ఖర్జూరపు పులుపూ. ప్లేటుకు ఎంత పెట్టొచ్చో లెక్క కట్టడం మరిచిపోయాను. తింటూ తింటూ రమేశ్ మెల్లగా అన్నాడు. "గీ గల్లీల నాలుగిండ్లకు టైల్స్ ఏసిననక్కా. లోపట కూసొని తినుడు గిదే మొదలు."

సోమవారం ఉదయం బస్సుకు వాడూ నాతో మస్కట్ దాకా వచ్చాడు. ఇబ్రా వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. సంత బుధవారం, షువా పండుగకు. ధర అడిగే ముందు క్షేమం అడగండి, కప్పు ఊపడం మరవకండి. ఊరంతా ఒకే నిప్పు మీద వండుకునే వంటను చూశాక మా బజారు తెలివి నాకే చిన్నదనిపించింది.

సగం దారిలో అడిగాను. "పొడి మన దుకాణంలనే దొరుకుతదిరా. కని ఒక్క హోటల్ కోసం గంత నిప్పు ఎట్ల చేస్తం?"

"ఒక్క హోటల్‌కెందుకక్కా? పండుగపూట గల్లీ వాళ్లను సంచులు తెమ్మందాం."

జేబులోంచి వీసా రెన్యువల్ ఫారం తీశాడు. ముందువైపు ఒక్క గడీ కూడా నింపలేదు. వెనకవైపు పెన్సిల్‌తో గుంత బొమ్మ ఉంది. లోతు, వెడల్పు, రాళ్ల వరసలు. మేస్త్రీ కదా, జనం సంచుల మీద పడ్డప్పుడు టేపు పెట్టి కొలిచేశాడట.

"అక్కా, దుకాణం ఎనక జాగ ఎన్ని గజాలుంటది?"