నాలుగో జ్వరం

చైనా సరుకు మన పల్లెల్ని ఏం చేస్తుందన్నది నా పరిశోధన. మూడు నెలల క్రితం నా భార్య జ్వరంతో పోయింది. అప్పటినుంచి ఎవరినైనా ప్రశ్న అడగాలన్నా అలసటగా ఉండేది. అయినా చైనా పట్టునూలు గురించి అడగడానికి తమిళనాడులోని ధర్మపురి జిల్లా మారండహళ్ళి దగ్గర ఒక పట్టురైతు షెడ్డుకు వెళ్ళాను.

ఇంట్లో తెలుగు మాట్లాడే ఆ రైతు, మంజుల, నన్ను తలుపు దగ్గరే ఆపింది. "మెల్లగా సార్. లోపల జ్వరం."

"పిల్లలకా? వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి!" అని అరిచినంత పని చేశాను.

ఆమె నవ్వింది. "పురుగులకు సార్. ఇంత చదివినారు, ఇది తెలీదా? మేత మాని పడుకుంటాయి. పొర ఇడిసి ఆకలితో లేస్తాయి. ఇది నాలుగో జ్వరం, ఆఖరిది."

నేను పుస్తకం తెరిచి చైనా నూలు గురించి అడిగాను.

"చైనా నూలు ఇంకా వస్తే మా పట్టుగూళ్ళు ఎవరు కొంటారు? మల్బరీ పీకేసి టమోటా పెడదామంటాడు మా ఆయన. మీరే చెప్పండి, ఉంచేదా, పీకేదా?"

"తెలియదమ్మా," అన్నాను. అది నిజం.

"సరే, రేపు ఇవి లేసేసరికి ఆకు ఉండాల కదా," అని ఆమె కొడవలి తీసుకుని తోటలోకి పోయింది.