భీమేశ్వరరావుగారి వన్స్ మోర్

మా మణికొండ కాలనీ వార్షికోత్సవానికి పద్యనాటకం వేయాలన్న ఆలోచన భీమేశ్వరరావుగారిది. వద్దన్న ఆలోచన మిగిలిన అందరిదీ. కాలనీ సంఘానికి కార్యదర్శిని నేను కాబట్టి రెండు పక్షాలూ వచ్చి నా మీదే పడ్డాయి.

ఆయన నీటిపారుదల శాఖలో సీనియర్ అసిస్టెంటు. రేపల్లె దగ్గరి మనిషి. కుర్రతనం నుంచీ నాటకాల్లో వేషాలు వేస్తున్నారు. ఆయన రాగం ఎత్తుకుంటే వాళ్ళింటి పనిమనిషి గిన్నెలు తోమడం ఆపేసేది. మెచ్చుకుని కాదు, ఎప్పుడు అయిపోతుందో చూద్దామని. గొంతు చెడ్డదని నేననను. గొంతుకన్నా ఊపిరి ఎక్కువ, అంతే.

ఆయనకు ఒకే ఒక్క కోరిక ఉండేది. మా కోస్తా జిల్లాల్లో పద్యం నచ్చితే జనం ‘వన్స్ మోర్’ అని అరుస్తారు. నటుడు కథను ఎక్కడికక్కడ ఆపేసి ఆ పద్యం మళ్ళీ పాడాలి. యుద్ధం మధ్యలో అయినా సరే, శత్రువు కత్తి దించి పక్కన నిలబడతాడు. భీమేశ్వరరావుగారు అలా కత్తి దించి పక్కన నిలబడడం చాలాసార్లు జరిగింది. ఆయన కోసం ఎవరూ నిలబడలేదు. ఇన్నేళ్ళలో ఒక్క వన్స్ మోర్ రాలేదు. ఈ సంగతి ఆయనే ఒకరోజు మెహదీపట్నం బస్సులో నాకు చెప్పారు. మొదట నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది. వచ్చే ఏడు రిటైరవుతున్నారు. రాజు వేషం కట్టడం ఇదే ఆఖరుసారి అని ఆయనే తీర్మానించుకున్నారు.

నాటకం ఆయన సొంతంగా రాసుకున్నదే. రాజు మొదటి అంకంలో మూడు పద్యాలు పాడి యుద్ధానికి వెళ్తాడు, రెండో అంకంలో శవమై తిరిగొస్తాడు. వేషగాళ్ళ కోసం ఇల్లిల్లూ తిరిగాం. కంప్యూటర్ ఉద్యోగాల పిల్లలు టైము లేదన్నారు, పెద్దవాళ్ళు మోకాళ్ళు చూపించారు. చివరికి వేషాలన్నీ ఆయన ఇంట్లోనే పంచుకోవాల్సి వచ్చింది. భార్య రత్నమాలగారు రాణి. కొడుకు రవికిరణ్ మంత్రి. అతని ఉద్యోగం రెండు వేల సంవత్సరం వచ్చినప్పుడు కంప్యూటర్లు తేదీ తప్పకుండా చూడడం. అందుకని రిహార్సల్స్‌కి సగం రోజులు వచ్చేవాడు కాదు. నన్ను తెర తాడు పట్టుకుని, మర్చిపోయినవాళ్ళకు మాట అందించమన్నారు.

రిహార్సల్స్ సాయంత్రాలు వాళ్ళ హాల్లో జరిగేవి. భర్త శవం దగ్గర రాణి పాడే పద్యం ఒకటుంది. రత్నమాలగారు అందుకోగానే, రెండో పాదంలో ఆయన హార్మోనియం ఆపేసి, అక్కడ అలా కాదు అనేవారు. ఎలాగో తానే పాడి చూపించేవారు. ఆ చూపించడం అయ్యేసరికి అందరికీ భోజనాల వేళ అయ్యేది. రిహార్సల్స్ జరిగినన్నాళ్ళూ ఆ పద్యం రెండో పాదం దాటలేదు. ఆవిడ వాదించకుండా లేచి కుక్కర్ పెట్టుకోవడానికి వెళ్ళిపోయేవారు. ఆయన మీద నాకు ఒళ్ళు మండేది. అయినా మొగుడూ పెళ్ళాల హార్మోనియంలో నేనేం వేలు పెడతాను?

స్టేజీకి రాజయ్య తన ఖాళీ ప్లాటు ఇచ్చాడు. కాలనీ లేచిన నేల చాలావరకు ఒకప్పుడు అతని జొన్నచేనే. భీమేశ్వరరావుగారు అతన్ని కూర్చోబెట్టి, పద్యం బాగుంటే ఏమని అరవాలో నేర్పించారు. రాజయ్య ఓపిగ్గా అంతా విన్నాడు.

“ఒకపారి ఇన్నం గద సారూ, మల్లెందుకు?” అన్నాడు.

ఆయన మళ్ళీ మొదటినుంచి నేర్పించడం మొదలుపెట్టారు.

నాటకం ముందు రోజు రత్నమాలగారు మా గేటు దగ్గరికి వచ్చారు. “అన్నయ్యగారూ, వన్స్ మోర్ అడిగి తెచ్చుకునేది కాదని నాకూ తెలుసండీ. కానీ ఈసారి కూడా రాకపోతే ఆయన తట్టుకోలేరు. మీరే ఒక్కసారి అనండి,” అన్నారు. సరేనన్నాను.

ఆదివారం సాయంత్రం జనం బాగానే వచ్చారు. భీమేశ్వరరావుగారు కిరీటంతో మొదటి పద్యం పాడి, చెయ్యి పైకెత్తి ఆగారు. జనం చప్పట్లు కొట్టారు, ఆఫీసు మీటింగులో మేనేజరు మాట్లాడాక కొట్టినట్టు. ఆయన ఇంకా ఆగే ఉన్నారు. మర్చిపోయారనుకుని పక్కనుంచి నేను తరవాతి మాట అందించాను. ముందు వరుసలో ఒకావిడ, పాపం పెద్దాయన, అంది. రెండో పద్యానికీ అంతే. మూడోదానికి ఇక లాభం లేదని తెర చాటునుంచి నేనే వన్స్ మోర్ అని అరిచాను.

ఆయన నా గొంతు గుర్తుపట్టారు. నా వైపు ఒక చూపు చూసి, పద్యం మళ్ళీ పాడకుండా యుద్ధానికి వెళ్ళిపోయారు. విరామంలో నా దగ్గరికి వచ్చి, “పార్థసారథిగారూ, మీరన్నది నేను విననట్టే అనుకుంటాను,” అన్నారు. మేలు చేయబోయి మాట పడినందుకు ఉక్రోషమొచ్చింది. కానీ ఆ మనిషి మీద గౌరవం పెరిగింది కూడా.

రెండో అంకంలో ఆయన శవమై బల్ల మీద పడుకున్నారు. మంత్రి తలవంచుకుని నిలబడ్డాడు, నడుముకు ఒక పక్క కత్తి, ఇంకో పక్క పేజరు. బోరబండ నుంచి పిలిపించిన వెంకటనారాయణగారు హార్మోనియం మీద శ్రుతి ఇచ్చారు. రత్నమాలగారు పద్యం ఎత్తుకున్నారు.

మొదటి పాదం అయింది. రెండోదీ అయింది. ఆపేవాళ్ళు లేరు. ఆపేవాడు చచ్చిపోయి ఉన్నాడు. ఆవిడ మూడో పాదంలోకి వెళ్ళారు. పెద్ద గొంతు కాదు, సాగదీయలేదు, ప్రతి మాటా విడిగా వినిపించింది. పద్యం ముగిసేసరికి చేతిలో తాడుందన్న సంగతే మర్చిపోయాను. జనం చప్పట్లు కూడా కొట్టలేదు. ఏం చేయాలో వాళ్ళకు తెలియలేదు. ఒకసారి చీవాట్లు తిన్నవాణ్ణి, నేను నోరు మెదపలేదు.

అప్పుడు శవం మోచేతి మీద లేచింది.

“వన్స్ మోర్,” అన్నారు భీమేశ్వరరావుగారు.

మంత్రి ఎటు చూడాలో తెలియక పేజరు చూసుకున్నాడు. రత్నమాలగారు ఒక క్షణం భర్తను చూశారు. “పడుకోండి. పాడతాను,” అన్నారు. ఆయన బుద్ధిగా పడుకుని కళ్ళు మూసుకున్నారు. ఆవిడ మళ్ళీ మొదటినుంచి అందుకున్నారు.

ముందు వరుసలో రాజయ్య పక్కవాడికి వివరించాడు, అందరికీ వినబడేట్టు. “సచ్చినోడు లేసి అడిగిండంటే మంచిగ పాడినట్టే.” రెండోసారి అయ్యాక, ఇంకోపారి పాడుమని అడిగింది అతనే. తర్వాత ఆ ప్లాటంతా అడిగింది.

తెర దించి లోపలికి వెళ్తే ఆయన ఇంకా బల్ల మీదే ఉన్నారు. కన్నీళ్ళకు రాజుగారి మీసం ఒక వైపు ఊడింది. లేవండి అని చెయ్యి అందించాను.

“చివరి పాదాలు అంత బాగుంటాయని నాకు తెలీదండీ,” అన్నారు. “ఎప్పుడూ అక్కడిదాకా పాడనివ్వలేదు.”