గుండుకు పట్టని ఆరువందల టోపీలు

2023 మే 19, శుక్రవారం, ఉదయం తొమ్మిదిన్నర. ఆకాశంలో మబ్బు తునక లేదు. మా దుకాణం గుమ్మం పక్కనున్న ఉష్ణమాపకం అప్పటికే ముప్ఫైతొమ్మిది డిగ్రీలు చూపుతోంది. ఆ సమయానికే మా తిరుపతి దుకాణంలో టోపీల విభాగం ప్రారంభమైంది.

మా కుటుంబం 1964లో రంగూను నుంచి ఓడలో వచ్చింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా నాయన చిత్తూరులో రోడ్డు వార గోనెపట్ట పరిచి దువ్వెనలు, రిబ్బన్లు అమ్మారు. పన్నెండేళ్లకు పదడుగుల వెడల్పు కొట్టు, మరో ఇరవై రెండేళ్లకు రెండంతస్తుల దుకాణం, చివరికి ఆ జనవరిలో తిరుపతిలో మూడంతస్తుల డిపార్ట్‌మెంట్ స్టోర్. ఏ సరుకు కొనాలో నిర్ణయించే పని మొదట మా నాయనది, ఆయన తర్వాత ఇరవై ఎనిమిదేళ్లుగా నాది. కొలవకుండా ఏదీ కొనకూడదన్నది మా ఇద్దరి నియమం.

కొండ మీద తలనీలాలిచ్చి దిగివచ్చే యాత్రికులకు ఎండకు టోపీలు అవసరం. అందుకని మా మగ సిబ్బంది ముప్ఫై ఇద్దరి తలలు కొలిచి, సగటు తీసి, ఆరువందల గుడ్డ టోపీలు కుట్టించాను.

మొదటి టోపీని, అప్పుడే గుండు చేయించుకొని వచ్చిన ఒక పెద్దమనిషి పెట్టుకున్నాడు. అది నుదురు దాటి, కనుబొమలు దాటి, ముక్కు మీద ఆగింది.

“ఏమప్పా, ఇది టోపీనా, గంపనా?” అని లోపలి నుంచే అడిగాడు.

“ఉండనీ, మొగం కనపడకుంటేనే బాగుండావు,” అంది ఆయన భార్య.

నేను కొలిచిన ముప్ఫై రెండు తలల మీదా ఒత్తయిన జుట్టుందని అప్పుడు గమనించాను. ఒక్క గుండునూ కొలవలేదు.

దుకాణం రోజువారీ నిర్వహణ చూసే మా కోడలు వచ్చింది. “మామా, గుండుకు టోపీ కుట్టేదానికి జుట్టును కొలిచినారా?”

“సగటులో తప్పు లేదమ్మా.”

“సగటులో లేదు మామా, తలలో ఉండాది తప్పు. ఆదివారం సాయంత్రం ఆరుకంతా సగం పోతే కొనేపని మీదే. పోకుంటే నాకిచ్చేయండి.”

నాకున్న పని అదొక్కటే. అయినా ఒప్పుకున్నాను. ఆ రోజు ఇరవైఏడు పోయాయి. మిగిలిన వాటికి వెనక ఎలాస్టిక్ వేయిద్దామంటే, టోపీకి ఐదు నిమిషాల చొప్పున నలభైఏడు గంటల నలభైఐదు నిమిషాలు పడుతుంది. మా దర్జీకి నిద్రపోయే అలవాటుంది.

శనివారం ఉదయం ఒక ఉపాయం తోచింది. జుట్టుకు కుట్టిన టోపీని జుట్టున్నవారికే అమ్మాలి. కొండ బస్సు కోసం నిలుచున్నవారి ఎదుట బల్ల వేయించాను. ప్రతి తలకూ టోపీ అమిరింది. నా సగటు నెగ్గింది. శనివారం రెండువందల పద్నాలుగు, ఆదివారం మధ్యాహ్నానికి డెబ్బైమూడు. మూడు రోజుల మొత్తం మూడువందల పద్నాలుగు. అలవాటుకు విరుద్ధంగా రెండో కాఫీ తాగాను.

రెండు గంటలకు శనివారంనాటి యాత్రికులు కొండ దిగారు. అందరికీ గుండ్లు, అందరి చేతుల్లో టోపీలు.

“పోయేటప్పుడు సరిగ్గా ఉండినాది సార్, వచ్చేటప్పటికి పెద్దదైపోయినాది,” అన్నాడొకడు.

“టోపీ పెరగలేదు నాయనా, నువ్వు తగ్గినావు,” అన్నాను.

మూడు రోజుల్లోపు సరుకు వాపసు తీసుకుంటామని బిల్లు వెనక అచ్చు వేయించింది నేనే. అన్నీ తీసుకున్నాను.

ఐదున్నరకు మా అబ్బాయి నా చెవిలో, “నాయనా, వాపసొచ్చినవి రేపు రాసుకుందాం. నీ కోడలు పైఅంతస్తులో ఉండాది, సూడలేదు. అమ్మినవి మాత్రం సెప్పు,” అన్నాడు.

“తిరిగొచ్చిన టోపీని పోయినట్టు యాడ రాసేది రా?” అన్నాను.

సరిగ్గా ఆరు గంటలకు పైకి వెళ్లి, సరుకు ఆర్డర్ల పుస్తకం కోడలి చేతికిచ్చి, లెక్క చదివాను. అమ్మినవి మూడువందల పద్నాలుగు. వాపసు వచ్చినవి నూటముప్ఫైఒకటి. నికరంగా పోయినవి నూటఎనభైమూడు. సగానికి నూటపదిహేడు తక్కువ.