మళ్ళీ తూచని ఇల్లు

మా ముత్తాతగారు తొండియార్‌పేటలో పప్పుల మండీ పెట్టిన మనిషి. ఆయన తూచిన మూటను మళ్ళీ తూచమనడం అంటే ఆయన మీసం మీద చెయ్యి వేయడమే. తాతగారు అదే గద్దె మీద, అదే మీసంతో కూర్చున్నారు. నాన్నగారి కాలానికి మండీ పోయింది, మీసం మిగిలింది. నా వంతుకు ఒక ఇత్తడి త్రాసు, తాతగారి ఇత్తడి తూకపురాళ్ళు, నిటారు వెన్నెముక దక్కాయి. అలాంటి నేను తొంభైల్లో ఒక ఉదయం, మాధవరంలో, నలభై పాల క్యాన్ల ముందు వంశ ప్రతిష్ఠను ఎలా పలచన చేశానో చెబుతాను. నవ్వండి, కాస్త మర్యాదగా నవ్వండి.

అప్పట్లో నేను పాలు తూచే ఎలక్ట్రానిక్ మెషీన్లు చేసే చిన్న కంపెనీలో ఉండేవాణ్ణి. మెషీన్ లోపల అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు ఉంటుంది. ఆఫీసులోని పెద్ద కంప్యూటర్‌లో ప్రోగ్రాం రాసి, బోర్డుకు తెలిసిన భాషలోకి మార్చి, కావలసిన లైబ్రరీని, అంటే ముందే రాసి ఉంచిన ప్రోగ్రాం ముక్కల కట్టను, అతికించి, చిప్‌లోకి ఎక్కించాలి. లైబ్రరీలు రెండు. ఒకటి పరీక్షలకు: దానితో బోర్డు ప్రతి సందేహానికీ కేబుల్ గుండా పెద్ద కంప్యూటర్‌నే అడుగుతుంది. రెండోది బోర్డు సొంత కాళ్ళ మీద నిలబడేందుకు. నేను ఏది అతికించానో మీరు ఊహించే ఉంటారు.

"ఈ మెషీన్ నిలబడితేనే నీ ఉద్యోగం పర్మనెంటు" అన్నారు యజమాని. కేబుల్ తగిలించి చూపించాను. ముత్యంలా పనిచేసింది.

నాతో పనిచేసే కోమల మాత్రం ఊరుకోలేదు. "అన్నా, కేబుల్ పీకేసి ఒక తూరి చూసినారా?"

"మా ఇంట్లో ఒకసారి తూచింది మళ్ళీ తూచరమ్మా."

"సరి సరి. ఆ సంగతి మెషీన్‌కి తెలుసునా అని అడిగినా, అంతే."

అంతటితో ఆగితే నేను నేనెలా అవుతాను? మెషీన్ పెట్టబోయే మాధవరం పాల సంఘానికి ఫోన్ చేసి, వాళ్ళ పాత కాటాను కూడా ముందురోజే పంపించేయించాను.

మర్నాడు మొదటి క్యాను పెట్టాం. మెషీన్ మీద అయిదు గీతలు వెలిగాయి. అంకె రాలేదు. స్విచ్ ఆపి, తిరిగి వేశాను. మళ్ళీ అవే గీతలు. పాలు పోయడానికి వరసలో ముందున్న మునెమ్మ తొంగి చూసింది.

"ఏంది నాయనా, ఆలోచన చేస్తా ఉండాదా?"

"పెద్ద కంప్యూటర్‌ని అడగతా ఉండాది పెద్దమ్మా" అంది కోమల, నా వైపు చూడకుండా.

"అది యాడుండాది?"

"మా ఆఫీసులో."

"అంటే ఇంటి పెద్ద పక్కన లేకుంటే దీనికి నోరు లేవదా? బాగుండాది సంబడం."

సంఘం సెక్రటరీ గడియారం చూశాడు. "సార్, లారీ తొమ్మిదికి పోతాది. పాలు విరిగితే మొత్తం మీరే తాగాల."

కోమల సరైన లైబ్రరీతో కొత్త చిప్ తేవడానికి ఆఫీసుకు పరుగెత్తింది. నేను ఇంటికి పోయి త్రాసునూ రాళ్ళనూ పట్టుకొచ్చాను. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. మా ఏనుగు ఆటోలో వచ్చినా వెయ్యే.

నలభై క్యాన్లూ నా చేత్తో తూచాను. ప్రతి ఒక్కరూ "ఇంగొక తూరి తూచు నాయనా" అన్నవాళ్ళే. వెరసి ఎనభై తూకాలు. అయినా అందరూ మురిసిపోయారు. "చల్లని చెయ్యి. పాత కాటా కంటే పాలు దండిగా వస్తా ఉండాయి" అంది మునెమ్మ. నా వెన్ను మరో అంగుళం లేచింది.

లారీ వెళ్ళాక కోమల వచ్చి చిప్ మార్చింది. కేబుల్ లేకుండానే అంకె వెలిగింది. నా ఉద్యోగం నిలిచింది. ఆమె అంతటితో ఊరుకోవచ్చు కదా? తాతగారి అయిదు కిలోల రాయిని మెషీన్ మీద పెట్టింది. నాలుగూ ముప్పావు చూపింది.

"మెషీన్ తప్పు" అన్నాను.

కోమల సంచిలోంచి ప్రభుత్వ ముద్ర ఉన్న అయిదు కిలోల గుండును తీసి పెట్టింది. అయిదు.

"అట్లయితే సార్, పొద్దున్నించీ మా సంఘం లేని పాలకి కూడా లెక్క..." అని సెక్రటరీ నోరు తెరిచాడు.

చీటీ కోసం ఆగిన మునెమ్మ ఖాళీ క్యాను చంకన పెట్టుకుంది. "మెషీన్ వద్దులే నాయనా. మీ తాత రాళ్ళే ఉండనీ."

ఆ క్షణాన, మీసం లేకపోయినా అది ఉండాల్సిన చోటు తడుముకుని ప్రమాణం చేశాను: ఇకపై ఏ ప్రోగ్రామునైనా కేబుల్ పీకి రెండుసార్లు చూస్తాను, మా పెద్దల వస్తువును మాత్రం ఏ మెషీన్ మీదా పెట్టను.

త్రాసునూ రాళ్ళనూ ఆ నెలలోనే పాత ఇత్తడి కింద అమ్మేశాం. కొన్నవాడు రెండుసార్లు తూచాడు.