విజయరాణి సరిచూడని లైను

మైత్రీవనం కోచింగ్ సెంటర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు లెక్కలు చెప్పే విజయరాణి మేడమ్‌కు మొదటి నుంచీ ఒక చాదస్తం. "నేను రాసిన్నని నమ్మకుర్రి, లైను లైను సరిచూడుర్రి" అని క్లాసులో అరుస్తుంది. పిల్లలు ముసిముసిగా నవ్వుకుంటారు. ఒక్కసారి తానే ఆ పని చెయ్యక బతుకు పాడుచేసుకుందని వాళ్లకేం తెలుసు!

సిరిసిల్ల నేతగాళ్ల ఇంటి ఆడపిల్ల, పీహెచ్‌డీ దాకా వచ్చింది. పట్టిన విషయం లీ గ్రూపుల సౌష్ఠవ ప్రదేశాల మీద హార్మోనిక్ విశ్లేషణ. పేరు విని బెదిరిపోకండి. ఏ బిందువు దగ్గర నిలబడి చుట్టూ ఉన్నదాన్ని తిరగేసినా తేడా కనబడని చోటు సౌష్ఠవ ప్రదేశం. పాటను స్వరాలుగా విడదీసినట్టు, అలాంటి చోటి మీది ప్రమేయాన్ని మూల తరంగాలుగా విడదీయడమే ఆ విశ్లేషణ. దూరం పోయేకొద్దీ ఆ తరంగాలు ఎంత త్వరగా సన్నబడతాయో విజయరాణి ఒక అంచనా కట్టింది. థీసిస్ మొత్తం దాని మీదే నిలబడాలి. చిక్కల్లా దిక్కులను గదులుగా విడగొట్టే, గణితజ్ఞులు 'గోడ' అని పిలిచే అంచుల దగ్గరే.

శ్యాంసుందర్ అదే యూనివర్సిటీలో ఆవిడకు జూనియర్. ఎస్.ఆర్. నగర్‌లో ఆవిడ గదికొచ్చి, ఆవిడ చేతి పచ్చిపులుసు జుర్రుకుని, అక్కా అక్కా అంటూ తిరిగేవాడు. ఏది రాసినా మొదట అతనికే చూపించేది. ఒకరోజు అన్నం తింటూ తింటూ ప్లేటు పక్కకు జరిపాడు.

"అక్కా, గోడ దగ్గర నీ అంచనా కూలుతది. నేను జర గట్టిగనే చూసిన. లాభం లేదు."

"నిజమేనా తమ్మీ?"

"నీకు అబద్ధం చెప్తనా అక్కా?"

ఇంకేముంది, ఆవిడ నమ్మేసింది. అంత చాదస్తపు మనిషి ఆ ఒక్క మాటను మాత్రం కాగితం మీద పెట్టి చూసుకోలేదు. చూస్తే తమ్ముణ్ని అనుమానించినట్టవుతుందనుకుంది, పిచ్చితల్లి. పీహెచ్‌డీ వదిలేసి మైత్రీవనం మెట్లెక్కింది.

ఏళ్లు గడిచాక, మొన్న పంజాగుట్టలో గణితం వాళ్ల సభ జరిగింది. డాక్టర్ శ్యాంసుందర్ తన కొత్త సిద్ధాంతం గురించి మాట్లాడతాడని తెలిసి, విజయరాణి మంచి చీర కట్టుకుని, స్వీటు డబ్బా పట్టుకుని వెళ్లింది. పిలుపు రాలేదు. పనుల్లో మరిచిపోయి ఉంటాడులే అనుకుని వెనక వరుసలో కూర్చుంది.

బోర్డు సగం నిండేసరికి ఆవిడ పోల్చుకుంది. అది తన అంచనాయే! దొంగసచ్చినోడు, ఆవిడ వాడుకున్న గుర్తులు కూడా మార్చలేదు.

ప్రశ్నలుంటే అడగమన్నారు. లేచి నిలబడింది.

"గోడ దగ్గర ఇది కూలదా?"

శ్యాంసుందర్ ఆవిడను గుర్తుపట్టి ముందు వరుసకేసి చూశాడు. ఎదురుగా పెద్ద పెద్ద ప్రొఫెసర్లు కూర్చున్నారు. కూలుతుందంటే అతని సిద్ధాంతమే పోతుంది.

"కూలదు మేడమ్," అన్నాడు.

మేడమ్ అట! పచ్చిపులుసు తిన్న నోటితోనే అన్నాడు. తిరిగి బోర్డు మీద రెండంటే రెండు లైన్లు రాశాడు. ఆవిడ నిలబడే వాటిని సరిచూసింది. ఎక్కడా తప్పు లేదు. అప్పుడే తాను కూర్చుని లెక్క వేసుకుని ఉంటే టీ చల్లారేలోపు తేలిపోయేది.

"సరిగ్గనే ఉంది," అంది. "గప్పుడు సుత సరిగ్గనే ఉండె కదా, తమ్మీ?"

అతను డస్టర్ తీసుకుని బోర్డు తుడవడం మొదలుపెట్టాడు.